వెలుగు చెప్పిన సాక్ష్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



అద్దంకి సీమలో పుట్టినవారికి శాసనమనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. తొమ్మిదవ శతాబ్దిలో, తూర్పు చాళుక్య ప్రభువగు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు తన విజయములను, చేసిన భూదానమును ఒక శిలపై చెక్కించెను. తరువోజ ఛందస్సులో నున్న ఆ శాసన పద్యము తెలుగు పద్యచరిత్రలో మొదటి పుటయందే నిలిచియున్నది. చెక్కించినవాడు నేడు లేడు. చెక్కిన చేయి లేదు. దానము పట్టినవారును లేరు. అయినను అక్షరము తెలిసినవాడు ఎదుట నిలిచినచో ఆ రాయి మాటలాడును. అక్షరము తెలియనివానికి అది గీతలు పడిన బండ మాత్రమే.

ఆకాశమునుండి దిగివచ్చు వెలుగు కూడ ఇట్టి శాసనమే. దానిపై గీతలున్నవి. ఆ గీతలను చదువ నేర్చిన పిదపనే విశ్వము స్థిరముగా లేదనియు, అందలి మహా నక్షత్రసముదాయముల నడుమ ఎడము నానాటికి పెరుగుచున్నదనియు మానవునికి తెలిసినది. ఆ చదువు ఎట్లు పట్టుబడినది, అందు పెద్దలు ఎచట పొరబడిరి, ఎట్లు దిద్దుకొనిరి అనునది నేటి ప్రసంగ విషయము. ఆ చదువులో ఒక ముఖ్య పాఠము మన గుంటూరులోనే జరిగినది. కావున ఇది పరదేశపు ముచ్చట యని ఎవరును త్రోసివేయరాదు.

ముందుగా వెలుగు నడకను గూర్చి నాలుగు మాటలు. వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సూర్యుని వద్ద బయలుదేరిన వెలుగు మన మిరప తోటపై పడుటకు 8 నిమిషముల 20 సెకనులు పట్టును. ఒక సంవత్సరములో వెలుగు పోవు దూరము సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. దీనికి కాంతి సంవత్సరమని పేరు. మన సూర్యుడును, రాత్రి కంటికి కనబడు తారలన్నియు పాలవెల్లి యను ఒక్క సముదాయములోనివి. అందు పదివేల కోట్లకు తక్కువ కాకుండ తారలున్నవి. ఇట్టి సముదాయమునకే గెలాక్సీ యని పేరు. ఇట్టివి ఆకాశమునిండ లెక్కకు మిక్కిలిగ నున్నవి.

కార్తీకమాసమున వానలు వెలసి, చంద్రుడు లేని రాత్రి, పూర్వాభాద్ర ఉత్తరాభాద్ర తారలు కలిసి యేర్పరచు పెద్ద చతురస్రమునకు ఈశాన్యముగ చూచినచో, పలుచని దూదిపింజె వంటి మచ్చ యొకటి కనబడును. అది ఆండ్రోమెడా గెలాక్సీ. నేడు మన కన్ను సోకు దాని వెలుగు సుమారు 25 లక్షల సంవత్సరముల క్రిందట బయలుదేరినది. పండరంగని శిల మనకు వేయిన్నూరేండ్లకు దగ్గరి సంగతి చెప్పును. ఈ మసక మచ్చ అంతకు రెండువేల రెట్లు పాత సంగతి చెప్పుచున్నది. కాని ఏమి చెప్పుచున్నది? అది తెలియుటకు లిపి కావలెను.

ఆ లిపి వంటింటిలోనే మొదలగును. చినగంజాము కొటారుల ఉప్పు చిటికెడు తీసి నీలిమంటలో వేసినచో మంట చప్పున పసుపు పచ్చనగును. ఉప్పులోని సోడియము చేయు పని అది. ఆ పసుపు వెలుగును గాజు పట్టకము గుండ పంపి వర్ణపటముగ విడదీసినచో, ఒక నియతస్థానమున దగ్గర దగ్గరగ రెండు గీతలు కనబడును. మరి యే ధాతువును ఆ చోట సరిగా ఆ గీతలనే గీయదు. ఆకుకు పూయు సున్నములోని కాల్షియమునకు వేరు గీతలు. నీటిలోని ఉదజనికి వేరు గీతలు. జర్మనీ దేశమున ఫ్రౌన్‌హోఫర్ 1814లో సూర్యుని వర్ణపటమందు వందలకొలది నల్లని గీతలను గుర్తించి పటము గీచెను. కిర్కాఫ్, బున్సెన్ అను ఇరువురు 1859లో ఆ గీతల అర్థము చెప్పిరి. ఒక్కొక్క ధాతువునకు ఒక్కొక్క ముద్ర కలదనియు, ఆ ముద్ర భూమిపైనను సూర్యునియందును ఒక్కటే యనియు తేల్చిరి. అంతటితో ఆకాశశాసనమునకు అక్షరమాల దొరికినది.

ఇక గుంటూరు సంగతి. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము దక్షిణాపథము మీదుగ సాగి గుంటూరు, మచిలీపట్టణములను కప్పెను. దానిని చూచుటకై ఫ్రాన్సునుండి జాన్సెన్ పండితుడు, ఆంగ్లేయుల పక్షమున టెన్నెంటు అను సేనాధికారి గుంటూరులో విడిది చేసిరి. మద్రాసు వేధశాలనుండి పాగ్సన్ మచిలీపట్టణమునకు వచ్చెను. సూర్యబింబము పూర్తిగ మరుగైనపుడు దాని అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలు కనబడును. అవి ఏమి వస్తువో అంతవరకు తేలలేదు. జాన్సెన్ తన వర్ణదర్శినిని వానిపై త్రిప్పగా ప్రకాశవంతమైన గీతలు కనబడెను. అవి ముఖ్యముగ ఉదజని గీతలు. అంత కాంతివంతములైన గీతలను గ్రహణము లేకున్నను చూడవచ్చునని ఆయనకు తోచినది. మరునాడు గుంటూరులోనే, సూర్యుడు నిండుగ ప్రకాశించుచుండగా, ఆ జ్వాలలను చూచెను. అంతవరకు పండితులు గ్రహణము కొరకు ఏండ్ల తరబడి కాచుకొని, సముద్రములు దాటి వచ్చి, అయిదారు నిమిషములు చూచి పోవలసియుండెను. నాటితో ఆ నిర్బంధము తొలగినది.

ఇచట ఒక మాట నిజాయితీగ చెప్పుకొనవలెను. హీలియమును గుంటూరులో కనుగొనిరని మనవారు గర్వముగ చెప్పుకొనుట కలదు. ఆ మాటలో సగమే సత్యము. నాటి గ్రహణములో పసుపు గీత యొకటి పలువురకు కనబడినది. అది ఉప్పులోని సోడియపు గీతయే యని పలువురు తలచిరి. అది సోడియపు గీతలకు కొంచెము ఎడముగ నున్నదని అదే సంవత్సరము తరువాతి నెలలలోను, భూమిపై నెరిగిన ఏ ధాతువునకును చెందదని పిదపను ఇంగ్లండున లాకియర్ తేల్చెను. గ్రహణము లేకుండ జ్వాలలను చూచు ఉపాయమును కూడ లాకియర్ తనంతట తాను కనుగొనెను. జాన్సెన్ లేఖయు, లాకియర్ లేఖయు పారిసు విజ్ఞాన పరిషత్తునకు ఒకే సమావేశమున చేరెను. ఫ్రెంచివారు వాదమునకు పోక ఇరువురి ముఖములను ఒకే పతకముపై ముద్రించిరి. గ్రీకు భాషలో సూర్యునికి గల పేరును బట్టి ఆ ధాతువు హీలియమైనది. 1895లో రామ్సే దానిని భూమిపై ఒక ఖనిజమునుండి వెలికితీసెను. గుంటూరునకు దక్కవలసిన గౌరవము దక్కినదే చాలును. అధికముగ వ్రాసిన పద్దు నిలువదు.

ఆకాశలిపికి ఇక రెండవ పాఠము. ఒంగోలు స్టేషనులో నిలుచున్నవానికి, ఆగకుండ పోవు మెయిలు బండి దగ్గరకు వచ్చుచున్నంతవరకు దాని కూత సన్నగ హెచ్చు స్వరములో వినబడి, దాటిపోగానే బొంగురుగ దిగిపోవుట తెలిసినదే. కూత మారలేదు. వచ్చునపుడు శబ్దతరంగములు దగ్గరపడినవి, పోవునపుడు ఎడమైనవి. దీనిని 1842లో డాప్లర్ వివరించెను. వెలుగునకును ఇట్టి ధర్మమే కలదు. వెలుగు నిచ్చు వస్తువు దగ్గరకు వచ్చినచో దాని గీతలు నీలపు వైపునకు జరుగును. దూరమైనచో ఎఱుపు వైపునకు జరుగును. గుంటూరు గ్రహణము పట్టిన 1868లోనే హగ్గిన్స్ అను ఆంగ్లేయుడు మృగవ్యాధ తార గీతలలో ఇట్టి జరుగుబాటును వెదకెను.

అమెరికాలో లోవెల్ వేధశాలయందు స్లైఫర్ అను శాస్త్రజ్ఞుడు 1912లో ఆండ్రోమెడా గీతలను కొలిచెను. అవి నీలపు వైపునకు జరిగి, సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగముతో అది మనవైపునకే వచ్చుచున్నదని చూపెను. ఆయన అంతటితో ఆగక 1917 నాటికి ఇట్టివి 25 కొలిచెను. చిత్రమేమనగా, వానిలో చాల భాగము గీతలు ఎఱుపు వైపునకే జరిగియుండెను. ఎందుకు దాదాపు అన్నియు మననుండి తొలగిపోవుచున్నవి? నాటికి ఆ మసక మచ్చలు ఎంత దూరమున నున్నవో కూడ తెలియదు. దూరము తెలియక వేగము మాత్రమే తెలిసిన లెక్క, విస్తీర్ణము లేక శిస్తు మాత్రమే వ్రాసిన పద్దు వంటిది.

ఆ దూరమునకు కొలబద్ద నిచ్చినది హెన్రియెట్టా లెవిట్ అను స్త్రీ. హార్వర్డు వేధశాలలో ఫొటో పలకలపై తారలను లెక్కించు ఉద్యోగిని ఆమె. కొన్ని తారలు నియమముగ ప్రకాశము పెరిగి తగ్గుచుండును. ఎంత నెమ్మదిగ పెరిగి తగ్గునో అంత అధికము వాని నిజమైన ప్రకాశమని ఆమె 1912లో నిరూపించెను. దీపము ఎంత పెద్దదో తెలిసినపుడు, అది ఎంత మసకగ కనబడుచున్నదో చూచి దూరము చెప్పవచ్చును గదా. 1923లో హబుల్ మౌంట్ విల్సన్ కొండపై 100 అంగుళముల దూరదర్శినితో ఆండ్రోమెడాలో ఇట్టి తార నొకదానిని పట్టుకొనెను. అది పాలవెల్లికి ఎంతో వెలుపల నున్న వేరొక గెలాక్సీ యని తేలినది.

హబుల్ ప్రక్కన పనిచేసిన హ్యూమసన్ కథ ఈ గ్రంథాలయములో కూర్చున్న బాలురు ప్రత్యేకముగ వినదగినది. అతడు పదునాలుగవ యేటనే బడి మానెను. ఆ కొండపై వేధశాల కట్టుచున్నపుడు కంచరగాడిదలపై సామాను మోయించెను. తరువాత అదే వేధశాలలో ఊడ్చువాడుగ చేరెను. రాత్రులలో దూరదర్శిని వద్ద సాయపడుచు, ఆ విద్యను చేతులారా నేర్చెను. కనబడీ కనబడని గెలాక్సీ వెలుగును సన్నని చీలిక గుండ ఫొటో పలకపై పట్టుటకు కొన్నిమార్లు రాత్రుల తరబడి అదే పలకను మరల మరల వెలుగునకు చూపవలెను. చలిలో కదలక నిలిచి ఆ పని చేసినవాడు హ్యూమసన్. పలకలపై అతడు వెదకినది ముఖ్యముగ కాల్షియపు రెండు గీతలు. మన తాంబూలపు సున్నములో నున్న కాల్షియమే కోట్ల కాంతి సంవత్సరముల ఆవల తన ముద్ర వేసి పంపినది. 1936 నాటికి అతడు సెకనుకు 40 వేల కిలోమీటర్లకు మించిన వేగములను కొలిచెను. 1950లో స్వీడను దేశపు లుండ్ విశ్వవిద్యాలయము ఆ బడి మానినవానికి గౌరవ డాక్టరు పట్టము నిచ్చినది.

1929లో హబుల్ 24 గెలాక్సీల దూరములను, వేగములను ఒకే పటమున ఎక్కించెను. దూరము రెట్టింపైనచో వేగము రెట్టింపు. దూరము మూడింతలైనచో వేగము మూడింతలు. రెండేండ్ల ముందే, 1927లో, బెల్జియము దేశపు మతాచార్యుడును గణితవేత్తయు నైన లమైత్ర్ ఈ ఫలితమును సిద్ధాంతమునుండి రాబట్టియుండెను. అంతకు ముందు 1922లో రష్యా గణితవేత్త ఫ్రీడ్మన్ విశ్వము వ్యాకోచించుటకు ఐన్‌స్టైన్ సమీకరణములలో తావున్నదని చూపెను. ఐన్‌స్టైన్ మాత్రము 1917లో విశ్వము స్థిరమని నమ్మి, దానిని స్థిరముగ నిలుపుటకు సమీకరణములో ఒక పదమును చేర్చియుండెను. 1931లో ఆయన ఆ పదమును విడిచిపెట్టెను. అంతటివాడు తన లెక్క దిద్దుకొనుటకు సిగ్గుపడలేదు.

ఈ పరుగునకు అర్థమేమి? అన్నియు మననుండి తొలగుచున్నచో అద్దంకి విశ్వమునకు నడిబొడ్డు కావలెను గదా యని ఎవరైన అడుగవచ్చును. ఒక పొడవైన డొంక వెంట గొలుసునకొక సర్వేరాయి పాతియున్నదనుకొనుడు. ఒక రాత్రి నేల యంతయు సమముగ సాగి, గొలుసెడు ఎడము గొలుసుంబావు అయినది. తెల్లవారి ఒక రాతి వద్ద నిలిచి చూచిన రైతునకు మొదటి రాయి పావు గొలుసు జరిగినట్లు, నాలుగవ రాయి ఒక గొలుసు జరిగినట్లు, ఎనిమిదవ రాయి రెండు గొలుసులు జరిగినట్లు కనబడును. దూరము పెరిగిన కొలది జరుగుబాటు పెరిగినది. కాని వేరొక రాతి వద్ద నిలిచిన రైతునకును అచ్చముగ అట్లే కనబడును. తన రాయి కదలలేదని, తక్కినవారివే కదలినవని ప్రతివాడును ప్రమాణము చేయగలడు. ఎవనిది అబద్ధము కాదు. రాళ్ళు నడువలేదు, నడుమనున్న నేల సాగినది. విశ్వమునకు నడిబొడ్డు లేదు. వెలుగు ప్రయాణించుచుండగా నడిమి ఎడము సాగుటచేత దాని తరంగము కూడ సాగి ఎఱుపు వైపునకు జరుగును. సిరా చుక్కలు పెట్టిన రబ్బరు నాడాను లాగి చూచినచో చుక్కలు ఎట్లు ఎడమగునో అట్లే.

అట్లయిన మన పొలములు, గట్లు కూడ సాగుచున్నవా? సాగుట లేదు. రాయిని, చెట్టును, దేహమును అణువుల బలములు పట్టియుంచినవి. భూమిని సూర్యునితోను, సూర్యుని పాలవెల్లితోను ఆకర్షణ కట్టియుంచినది. ఆండ్రోమెడాయు పాలవెల్లియు ఇరుగుపొరుగులు. ఒండొరుల ఆకర్షణచేత దగ్గరకు వచ్చుచున్నవి. ఎడము పెరుగుట అన్నిటికంటె పెద్ద దూరములలోనే కనబడును.

ఇక ఈ కథలో గట్టి పరీక్ష వచ్చినది. చిట్టాకును అడంగలుకును పొత్తు కుదరనపుడు రెండింటిలో ఒకటియైనను తప్పని గ్రామలెక్కలు ఎరిగిన వారందరకు తెలియును. హబుల్ లెక్క ప్రకారము ప్రతి 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరముల దూరమునకు వేగము సెకనుకు 500 కిలోమీటర్ల చొప్పున పెరుగును. దానిని వెనుకకు గణించినచో విశ్వమునకు వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరములు మాత్రమే. కాని భూమిపై రాళ్ళ వయస్సు అంతకు మించి తేలుచుండెను. బిడ్డ తల్లికంటె పెద్దదగుట ఎట్లు? పండితులు ఈ తప్పును దాచలేదు. 1952లో బాడె అనువాడు లెవిట్ కొలబద్దగ నిచ్చిన తారలలో రెండు జాతులున్నవనియు, వానిని కలిపి లెక్కించుటచేత దూరములు సగమునకు తగ్గినవనియు ప్రకటించెను. 1958లో సాండేజ్ ఆ 500ను 75 దరిదాపునకు దించెను. గీతల జరుగుబాటు తప్పు కాలేదు. దూరపు కొలత తప్పినది. నేడు విశ్వపు వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములని నిర్ణయము. భూమి వయస్సు సుమారు 450 కోట్లు. తల్లి తల్లిగను, బిడ్డ బిడ్డగను నిలిచిరి.

1965లో పెన్జియాస్, విల్సన్ అనువారు ఆకాశపు అన్ని దిక్కులనుండి సమముగ వచ్చు మందమైన రేడియో తరంగములను ప్రకటించిరి. విశ్వము మిక్కిలి దట్టముగ, వేడిగ నుండిన తొలినాటి వెలుగే వేయి రెట్లకు పైగా సాగి అట్లు చల్లారినది. 1998లో దూరపు తారల ప్రేలుళ్ళను కొలిచి, ఈ విస్తరణము మందగించుటకు మారుగ వేగము పుంజుకొనుచున్నదని రెండు బృందములు చూపినవి. నేటికిని ఒక చిన్న పొత్తు కుదరలేదు. తొలినాటి వెలుగును బట్టి గణించినచో ఆ చొప్పు 67, తారలను బట్టి కొలిచినచో 73. తేడా ఎందులకో వెదకుచునే యున్నారు.

దూరము కొలుచు ఈ విద్యలో తెలుగు గడ్డకును పాలున్నది. హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, ప్రపంచ దేశములు పంచుకొని చేసిన ఆకాశపట నిర్మాణములో పాల్గొని ఏడు లక్షలకు పైగా తారల స్థానములను కొలిచి గ్రంథములుగ ప్రకటించినది. అచట పనిచేసిన ఉద్యోగి కుమారుడు వేణు బాప్పు ఆ దూరదర్శినుల నీడలో పెరిగి, హైదరాబాదులో చదివి, అమెరికాకు పోయెను. 1957లో ఆయన ఓలిన్ విల్సన్‌తో కలిసి, కొన్ని తారల కాల్షియపు గీతలో కనబడు వెలుగు ఎంత వెడల్పో, ఆ తార నిజముగ అంత ప్రకాశవంతమని నిరూపించెను. గీత వెడల్పును చూచి దీపము పెద్దదో చిన్నదో, దానిని బట్టి ఎంత దూరమో చెప్పవచ్చునన్నమాట. అదియు సున్నపు గీతయే! తమిళనాట కావలూరులోని 2.34 మీటర్ల దూరదర్శిని ఆయన పేరు ధరించినది.

కాని హైదరాబాదు నగరదీపములు పెరిగి ఆకాశము వెలవెలబోయినది. అందుచేత 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 48 అంగుళముల దూరదర్శినిని నగరమునకు దూరముగ రంగాపురము వద్ద నెలకొల్పవలసి వచ్చినది. 25 లక్షల సంవత్సరములు నడచివచ్చిన వెలుగును, చివరి క్షణమున మన వీధిదీపము మింగివేయుట ఎంతటి నష్టము! గుండ్లకమ్మ ఒడ్డున, పొలముల నడుమ ఇంకను కొంత చీకటి మిగిలియున్నది. అవసరము లేని దీపమును ఆర్పి ఆ చీకటిని కాపాడుకొనుట కూడ శాసనశిలను కాపాడుకొనుట వంటిదే.

గాడిదలు తోలినవాడు గెలాక్సీల వేగము కొలుచుటకు వానికి కొండపై ఒక తావు దొరికినది. మన బాలురకు అట్టి తావు ఈ గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగ ఈ తలుపులు తెరచి యుంచినవారు చేసిన పుణ్యమది. వచ్చు కార్తీకమున, చంద్రుడు లేని రాత్రి, ఈ గ్రంథాలయపు అరుగుమీద దీపము లార్పి, పిల్లలను పెద్దలను కూర్చుండబెట్టి ఆండ్రోమెడాను చూపుట రజతోత్సవమునకు తగిన పని. మరునాడు ఉప్పును మంటలో వేసి, పట్టకముతో ఆ పసుపు గీతను కూడ చూపవలెను. మొదటి దినమున శాసనమును చూతురు. రెండవ దినమున అక్షరము నేర్తురు. తరువాతి చదువునకు బీరువాలలో పుస్తకములు సిద్ధముగ నున్నవి.

స్వస్తి.